పడవ అడుగున ఎన్ని కన్నాలు?

కృష్ణకు ఈ ఒడ్డున పెనుమూడి, ఆ ఒడ్డున పులిగడ్డ. ఇప్పుడు 216వ నంబరు జాతీయ రహదారి మీద లారీలు రెండు ఊళ్ల మధ్య నదిని నిమిషాల్లో దాటేస్తున్నాయి గానీ, వంతెన లేని రోజుల్లో రేపల్లె వైపు వాళ్లకు అవనిగడ్డ వెళ్లాలంటే పడవే దిక్కు. గడ వేసి నెట్టేవైనా, తెడ్డు వేసేవైనా, చాప ఎత్తేవైనా ఆ పాతకాలపు పడవలన్నిటికీ ఒక పోలిక ఉంది. నీటి మట్టానికి కింద మనిషి కావాలని చేసిన కన్నం ఒక్కటి కూడా వాటికి ఉండేది కాదు. దుగ్గిరాల నుంచి పెదగంజాం దాకా కొమ్మమూరు కాలువ మీద సరుకులు మోసిన పడవలదీ అదే సంగతి. నీళ్లు లోపలికి వచ్చాయంటే పలకల సందుల్లోంచి ఊరాలి, లేదా పైనుంచి వాన కురవాలి. డబ్బాతో తోడిపోస్తే సరిపోయేది.

మర వచ్చాక లెక్క మారింది. 1952లో ఒప్పందం కుదిరిన ఇండో-నార్వేజియన్ ప్రాజెక్టుతో కేరళ తీరంలో చేపల పడవలకు డీజిల్ ఇంజన్లు బిగించే పని ఊపందుకుంది. తర్వాతి దశాబ్దాల్లో విశాఖ, కాకినాడ, మచిలీపట్నం, నిజాంపట్నం రేవుల్లోనూ మరపడవలు బారులు తీరాయి. ఇంజను చల్లబడాలంటే నీళ్లు కావాలి, అందుకో కన్నం. లోపల తిరిగే ఇరుసు బయటున్న పంఖాను తిప్పాలి, దానికి ఇంకో కన్నం. వేడెక్కిన నీళ్లు బయటికి పోవాలి. అడుగున చేరిన నీటిని పంపు బయటికి చిమ్మాలి. డెక్కు కడగడానికి సముద్రపు నీళ్లు లాగాలి. లోతు కొలిచే ఎకోసౌండరు నీళ్లలోకి తొంగి చూడాలి. మామూలు ట్రాలర్‌లోనే ఇలా అరడజను తూట్లు సులువుగా తేలతాయి. సింకు, మరుగుదొడ్డి ఉన్న విహార బోటయితే మరీ ఎక్కువ.

కొత్త పడవకైతే కట్టిన మేస్త్రికి ఎక్కడ ఏముందో తెలుసు. చేతులు మారిన పడవ సంగతి వేరు. మొదటి యజమాని పెట్టించిన పైపును రెండో యజమాని కోసేసి మూత బిగిస్తాడు. మూడో ఆయన ఇంజను మార్చినప్పుడు పాత కన్నం వదిలేసి పక్కనే కొత్తది తొలిపిస్తాడు. పదేళ్లు గడిచేసరికి ఇంజను గదిలో ఏ గొట్టం ఎటు పోతోందో సరంగుకే సరిగా తెలియదు. కొనేవాళ్లు చూసేది వేరు: ఇంజను ఒక్క దెబ్బకు స్టార్టవుతుందా, పొగ నల్లగా వస్తోందా తెల్లగా వస్తోందా, వలలెన్ని, రంగు ఎప్పుడు వేయించారు. కాస్త జాగ్రత్తపరుడైతే రిజిస్ట్రేషన్ కాగితాలూ అడుగుతాడు. ఇంజను కింద మోకాళ్ల మీద వంగి, టార్చిలైటు పట్టుకుని, నూనె మడ్డిలో చెయ్యి పెట్టి వాల్వులు తడిమి చూసేవాళ్లు తక్కువ. లక్షల బేరంలో వాల్వు ఖరీదు లెక్కలోకే రాదు. అందుకే కాబోలు దాని ముఖం ఎవరూ చూడరు.

చూడకపోతే ఏమవుతుందో చెప్పడానికి హైస్కూలు భౌతికశాస్త్రం చాలు. నీటి మట్టానికి 60 సెంటీమీటర్ల కింద కన్నం ఉంటే, అందులోంచి నీరు సెకనుకు దాదాపు మూడున్నర మీటర్ల వేగంతో దూసుకొస్తుంది. అంచుల దగ్గర ధార కుంచించుకుపోవడాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటే, అంగుళం కన్నం నుంచి నిమిషానికి సుమారు 60 లీటర్లు, ఒకటిన్నర అంగుళం కన్నం నుంచి 140 లీటర్లు, రెండంగుళాల కన్నం నుంచి 240 లీటర్లు లోపలికి వస్తాయి. ఒకటిన్నర అంగుళం గొట్టం ఊడిందంటే 200 లీటర్ల డీజిల్ డ్రమ్ము నిండడానికి నిమిషంన్నర కూడా పట్టదు. కన్నం వెడల్పు రెట్టింపయితే వచ్చే నీరు నాలుగు రెట్లవుతుంది. లోతు రెట్టింపయితే మాత్రం రెట్టింపు కాదు, నలభై శాతమే పెరుగుతుంది. కాబట్టి భయపడాల్సింది ముందు కన్నం సైజును చూసి, ఆ తర్వాతే లోతును చూసి.

మరి పంపు ఉందిగా అంటారు. గంటకు రెండు వేల లీటర్లని అట్ట పెట్టె మీద రాసి ఉన్న 12 వోల్టుల పంపు చిన్న బోట్లలో సాధారణం. అంగుళం కన్నం గంటకు 3,600 లీటర్లు లోపలికి పంపుతుంది. పైగా పెట్టె మీది అంకె నీటిని పైకి ఎత్తాల్సిన పని లేనప్పటిది. మీటరు ఎత్తుకు తోడాలన్నా, గొట్టం వంకర్లు తిరిగినా, బ్యాటరీ కాస్త నీరసించినా ఆ అంకె బాగా తగ్గిపోతుంది. అడుగున ఊరే కొద్దిపాటి నీళ్లను తోడేందుకు పెట్టిన పంపు అది. తెగిన గొట్టంతో పోటీపడే శక్తి దానికి లేదు.

నీటి వాల్వులు తెరిస్తే ఎంత పెద్ద ఓడైనా మునుగుతుందని ప్రపంచం ఒకే రోజున చూసింది. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక స్కాట్లాండ్‌కు ఉత్తరాన స్కాపా ఫ్లోలో 74 జర్మన్ యుద్ధనౌకలను నిర్బంధించి ఉంచారు. 1919 జూన్ 21న అడ్మిరల్ రాయిటర్ ఆదేశం అందగానే నావికులు సముద్రపు వాల్వులు తిప్పేశారు. సాయంత్రానికల్లా 52 నౌకలు నీటి పాలయ్యాయి. వాటిని ముంచింది ఫిరంగి గుండ్లు కాదు.

మన దగ్గర పడవ ప్రమాదం అనగానే 2017 నవంబరులో పవిత్ర సంగమం దగ్గరి దుర్ఘటన, 2019 సెప్టెంబరులో కచ్చులూరు గుర్తొస్తాయి. అవి బోల్తా పడిన పడవలు. రేవులో కట్టేసి ఇంటికి వెళ్లి, తెల్లారి వచ్చేసరికి పైకప్పు మాత్రమే కనిపించే పడవలు వార్తల్లోకి ఎక్కవు. ప్రాణనష్టం ఉండదు కాబట్టి వాటి గురించి ఎవరూ రాయరు. అమెరికాలో బోట్లకు బీమా చేసే సంస్థలు మాత్రం ఏళ్ల తరబడి ఒకే మాట చెబుతూ వచ్చాయి: నడిసంద్రంలో మునిగేవాటి కంటే రేవులో కట్టి ఉండగా మునిగేవే ఎక్కువని.

ఇప్పుడు ఇంజను గదిలోకి దిగుదాం. పడవ అడుగును చీల్చుకుని లోపలికి వచ్చే లోహపు మెడను త్రూ-హల్ అంటారు. బయట దానికి పుట్టగొడుగు గొడుగులాంటి అంచు ఉంటుంది, లోపల పెద్ద నట్టు బిగించి ఉంటుంది. దాని మీద వాల్వు, వాల్వుకు గొట్టం తొడిగే గంటు ముక్కు, దాని మీద గొట్టం, గొట్టం చుట్టూ స్టీలు క్లిప్పు. సరిగా చేసిన పనిలో క్లిప్పులు రెండు ఉంటాయి, ఒకటి తెగినా ఇంకొకటి పట్టుకునేలా. వాల్వుకు పైనున్నవాటిలో ఏ ఒక్కటి విఫలమైనా వాల్వు మూసేస్తే పడవ బతుకుతుంది, అదీ వాల్వు కదిలితేనే. విఫలమైంది వాల్వే అయితే, లేదా దాని కింది మెడే విరిగితే, మూయడానికి ఏమీ మిగలదు. అప్పుడు కావాల్సింది చెక్క బిరడా. మెత్తటి చెక్కను కోసుగా చెక్కి, ప్రతి వాల్వుకూ దాని సైజు బిరడాను దారంతో అక్కడే కట్టి ఉంచడం పడవల మీద పాత పద్ధతి. నీళ్లలో మెత్తటి చెక్క ఉబ్బి బిగుసుకుంటుంది. చీకట్లో, మోకాలి లోతు నీళ్లలో బిరడా కోసం పెట్టెలు వెతికే తీరిక ఎవరికీ ఉండదు కాబట్టి దాన్ని అక్కడే కట్టాలి.

వాల్వుల్లో రెండు రకాలు ఎక్కువగా తగులుతాయి. చక్రం తిప్పే గేటు వాల్వు ఒకటి, పిడి పావు చుట్టు తిప్పే బాల్ వాల్వు ఇంకొకటి. బాల్ వాల్వు నిజాయితీపరురాలు. పిడి గొట్టం వెంట ఉంటే తెరిచినట్టు, అడ్డంగా ఉంటే మూసినట్టు. గేటు వాల్వును చూసి ఏమీ చెప్పలేం. పైగా లోపలి కడ్డీ తినేసి గేటు ఊడిపడిపోయినా పైనున్న చక్రం హాయిగా తిరుగుతూనే ఉంటుంది. మూశాననుకుని గొట్టం పీకిన మనిషికి అప్పుడు గానీ తెలియదు. పొలం బోరు పైపుకు గేటు వాల్వు చక్కగా పనికొస్తుంది. పడవ అడుగున మాత్రం దాన్ని చూస్తే తీసేయించడమే మంచిది.

కొన్న పడవలో గొట్టాల చిక్కు విప్పడానికి పెద్ద విద్య అక్కర్లేదు, ఓపిక కావాలి. పడవ ఒడ్డున ఉన్నప్పుడు మొదలుపెట్టాలి, అదీ బయటి నుంచి. లోపలి నుంచి మొదలుపెడితే ఇంజను వెనక, చేపల గది పలకల కింద దాక్కున్న కన్నాలు తప్పిపోతాయి. బయట అడుగంతా చుట్టి వచ్చి, కనిపించిన ప్రతి తూటుకూ సుద్దతో అంకె వేసి, కాగితం మీద పడవ బొమ్మ గీసి అక్కడ అదే అంకె రాయాలి. రంగు పూతల కింద కప్పబడిపోయిన పాత మూతలూ, బార్నకిల్స్ పట్టి పూడుకుపోయిన జల్లెడలూ గీకితే బయటపడతాయి. తర్వాత లోపలికి వెళ్లి ఒక్కో అంకెకూ జోడీ వెతకాలి. ఒకరు బయట ఉండి కన్నం చుట్టూ తడుతుంటే, లోపలున్నవారు శబ్దాన్ని పట్టుకుని చోటు గుర్తిస్తారు. బయట తొమ్మిది ఉండి లోపల ఎనిమిదే దొరికితే ఆ తొమ్మిదోది దొరికేదాకా పడవను నీళ్లలోకి దింపకూడదు. అది ఏ పలక కిందో పాత గుడ్డముక్కతో, తారుతో మూసేసి ఉండొచ్చు. అలాంటి మూతలే మొదట వదులుతాయి.

గొట్టం ఒక చివర ఎక్కడుందో తెలిసింది, రెండో చివర ఎక్కడో తేలాలి. దాన్ని చేత్తో పట్టుకుని వెంట వెళ్లడమే మంచి దారి. నాలుగు గొట్టాలు కలిసి ఒక గోడ కన్నంలోకి దూరి అవతల మళ్లీ విడిపోయేచోట చెయ్యి ఓడిపోతుంది. అక్కడ ఒకరు ఇటు నుంచి కొద్దిగా లాగుతుంటే అవతల ఏది కదిలిందో ఇంకొకరు చెప్పాలి. బయటికి పోయే గొట్టాలకైతే ఇంకా సులువు. సింకులో పసుపు నీళ్లు పోస్తే పడవ పక్కన ఏ కన్నంలోంచి పచ్చటి ధార పడుతుందో ఇట్టే కనబడుతుంది. తేలిన ప్రతి గొట్టానికీ రంగు టేపు చుట్టి, వాల్వు పిడికి చిన్న రేకు కట్టి, అది దేనిదో తెలుగులో రాసిపెడితే కొత్తగా చేరిన కళాసీ కూడా కంగారులో సరైన వాల్వును మూయగలుగుతాడు.

గొట్టాలతో పాటు వాటి జాతి కూడా చూడాలి. నీటి మట్టానికి కింద తీగ అల్లిన దళసరి రబ్బరు గొట్టం ఉండాలి. పెరటి మొక్కలకు నీళ్లు పట్టే సన్నటి ప్లాస్టిక్ గొట్టం చాలా పాత పడవల్లో కనబడుతుంది. ఇంజను వేడికి అది మెత్తబడి ముక్కు మీద నుంచి జారుతుంది, లేదా ఎండకు పెళుసై చీలుతుంది. నొక్కితే పగుళ్లు కనిపించే గొట్టాన్నీ, తుప్పు మరకలున్న క్లిప్పునూ వాదన లేకుండా మార్చేయాలి. క్లిప్పు పైకి మెరుస్తున్నా దాని మర ఇనుముదైతే తుప్పు అక్కడే మొదలవుతుంది. అయస్కాంతం ముక్క జేబులో ఉంటే ఆ మర గుట్టు చాలావరకు బయటపడుతుంది.

అసలు దొంగ లోహం దగ్గర ఉన్నాడు. రేపల్లెలోనో తెనాలిలోనో హార్డ్‌వేర్ దుకాణంలో దొరికే నికెల్ పూత బాల్ వాల్వు సాధారణంగా ఇత్తడిది. ఇంటి ట్యాంకుకు అది ఏళ్ల తరబడి పనిచేస్తుంది. ఇత్తడి అంటే రాగి, జింకు కలిసిన లోహం. ఉప్పునీళ్లలో జింకు మెల్లగా కరిగి వెళ్లిపోతుంది, రాగి మాత్రం స్పంజిలా చిల్లులు పడి మిగులుతుంది. ఆకారం మారదు, సైజు మారదు, రంగు వేస్తే అసలే తెలియదు. బలం మాత్రం ఉండదు, గట్టిగా లాగితే బిస్కెట్టులా విరుగుతుంది. తెలుసుకునే దారి ఒకటే: చాకుతో కొంచెం గీకి చూడటం. పసుపు మెరుపు కనబడితే ఇత్తడి ఇంకా బతికే ఉంది, గులాబీ రంగు కనబడితే జింకు పోయింది. ఎరుపు కలిసిన గోధుమ రంగులో గట్టిగా ఉంటే అది కంచు కావచ్చు. రాగి, తగరం కలిసిన కంచులో పోవడానికి జింకు ఉండదు, లేదా కొద్దిగానే ఉంటుంది. సుత్తితో చిన్నగా తట్టినా తేడా చెవికి తెలుస్తుంది. మంచి లోహం ఖంగుమంటుంది, తినేసినది మట్టిముద్దలా మూగగా పలుకుతుంది.

ఇత్తడికీ ఓడలకూ మధ్య ఈ గొడవ ఇప్పటిది కాదు. బర్మింగ్‌హామ్‌లో జార్జ్ మంట్జ్ 1832లో అరవై పాళ్ల రాగి, నలభై పాళ్ల జింకు కలిపిన లోహానికి పేటెంటు తీసుకున్నాడు. రాగి రేకు కంటే చవక కాబట్టి చెక్క ఓడల అడుగుకు తాపడంగా అది ప్రపంచమంతా వెళ్లింది. అంతకుముందు, 1761లో, బ్రిటిష్ యుద్ధనౌక అలారమ్ అడుగుకు రాగి రేకులు కొట్టి వెస్టిండీస్‌కు పంపారు. తిరిగొచ్చాక 1763లో విప్పి చూస్తే రేకులు బాగానే ఉన్నాయి, వాటిని పట్టి ఉంచిన ఇనుప మేకులు మాత్రం కుళ్లిపోయాయి. కొన్నిచోట్ల రేకు కింద ప్యాకింగు గోధుమరంగు కాగితం తీయకుండా వదిలేశారు. అక్కడి మేకులు చెక్కుచెదరలేదు. రెండు వేర్వేరు లోహాలు ఉప్పునీళ్లలో ఒకదాన్నొకటి తాకితే బలహీనమైనది బలవుతుందని ఆ కాగితం ముక్క తేల్చేసింది. 1824లో హంఫ్రీ డేవీ దీన్నే తిప్పి వాడాడు. బలయ్యే లోహాన్ని మనమే ఎంచి పెడితే మిగిలినది మిగులుతుంది కదా! ఈరోజు ట్రాలర్ల అడుగున, చుక్కాని దగ్గర బిగించే జింకు దిమ్మల వెనక ఉన్నది డేవీ ఆలోచనే. ఆ దిమ్మ అరిగిందంటే పని చేస్తున్నట్టు లెక్క. ఏళ్ల తరబడి కొత్తదానిలా ఉందంటే దానికి కనెక్షనే లేదని అనుమానించాలి. కొందరు మెకానిక్కులు దిమ్మకు రంగు కూడా వేసేస్తారు. రంగు వేసిన జింకు, పెట్టని జింకుతో సమానం.

చెక్క పడవలో ఇంకో తిరకాసుంది. జింకు దిమ్మలు అతిగా పెట్టి ప్రతి వాల్వుకూ తీగలు కలిపేస్తే లోహం బాగానే ఉంటుంది గానీ, దాని చుట్టూ క్షారం పుట్టి చెక్క పీచుపీచుగా మారుతుంది. వాల్వు దగ్గర తెల్లటి బూజులాంటి పొడి, మెత్తబడిన పలక కనబడితే కారణం అదే అవ్వొచ్చు. వాల్వు కొత్తగా మెరుస్తోందని సంతోషించేలోపే అది కూర్చున్న పలక కుళ్లిపోయి ఉంటుంది.

అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 9093 కూడా చిన్న బోట్ల విషయంలో పెద్ద హామీ ఏమీ ఇవ్వదు. తుప్పు తట్టుకునే లోహం అంటే ఐదేళ్లపాటు చెడకుండా ఉండేది అని దాని నిర్వచనం. కొత్త విహార బోటు కొన్నవాళ్లకే ఐదేళ్లు. అదే బోటు పన్నెండేళ్ల తర్వాత చేతులు మారి మన తీరానికి వస్తే, దాని వాల్వులకు ఎప్పుడో గడువు తీరిపోయిందనుకుని మొదలుపెట్టాలి.

బయటి దేశాల బోట్లతో మరలు కూడా మొరాయిస్తాయి. మన దేశంలో పైపుల మర బ్రిటిష్ పద్ధతిది. ఇంగ్లండులో జోసెఫ్ విట్‌వర్త్ 1841లో ప్రతిపాదించిన 55 డిగ్రీల కోణం దానికి ఆధారం. అమెరికా మర కోణం 60 డిగ్రీలు. అరంగుళం, ముప్పావంగుళం సైజుల్లో రెండిటికీ అంగుళానికి 14 చుట్లే కాబట్టి ఒకదాని మీద ఇంకొకటి ఎక్కుతుంది, రెండు మూడు చుట్లు తిరిగి బిగిసిపోతుంది. పట్టిందనిపిస్తుంది. నిజానికి రెండు మూడు చుట్ల మీదే ఆ వాల్వు మొత్తం వేలాడుతోంది. ప్లంబరు దాని మీద నూలుదారం చుట్టి, సఫేదా పూసి, లీకు లేదని చూపించి డబ్బులు తీసుకుని వెళ్తాడు. ఇంట్లో గోడలో ఇమిడిపోయే పైపుకు ఆ పని చాలు. అల తాకిన ప్రతిసారీ, ఇంజను వణికిన ప్రతిసారీ వణికే చోట చాలదు. మర కలవనిచోట మెడా వాల్వూ రెండూ ఒకే తయారీవి తెచ్చి జతగా మార్చడం ఖర్చే గానీ, రెండోసారి చేయాల్సిన పని ఉండదు.

నీటి మట్టానికి పైనున్న కన్నాలకు వాల్వు ఎందుకని చాలామంది అనుకుంటారు. రేవులో ఖాళీగా నిలబడ్డ పడవను చూసి అనే మాట అది. అదే పడవ మంచు, డీజిల్, తాగునీళ్లు నింపుకుని, వారం వేట ముగించుకుని చేపలతో వస్తున్నప్పుడు ఎంత కిందికి దిగుతుందో చూడాలి. ఒడ్డున అరచేయి ఎత్తులో కనిపించిన పంపు కన్నం అప్పుడు నీళ్లలో ఉంటుంది. పంపు ఆగాక గొట్టంలో మిగిలిన నీటితో సైఫన్ మొదలైందంటే, బయటికి తోడిన నీరు అదే దారిలో లోపలికి వస్తుంది, ఇంజను గదిలో ఎవరూ లేనప్పుడు. ఆ గొట్టాన్ని డెక్కు కిందిదాకా ఎత్తి వంపు తిప్పి, వంపు నెత్తిన గాలి పీల్చే చిన్న మూత పెడితే సైఫన్ తెగుతుంది. విహార బోట్ల మరుగుదొడ్లకూ ఇదే మందు. కన్నాల లెక్క వేసేటప్పుడు పడవ పక్కన నిండు బరువు గీత ఎక్కడుంటుందో గుర్తించి, దాని కింద పడేవన్నీ నీటి కన్నాలుగానే ఎంచాలి. ఖాళీ పడవను చూసి వేసిన లెక్క తప్పు.

ఇరుసు బయటికి పోయేచోట వాల్వు పెట్టలేం. అక్కడ గ్లాండు ఉంటుంది. నూనె పట్టించిన నూలు తాడు చుట్లు ఇరుసు చుట్టూ దట్టించి, నట్లతో బిగిస్తారు. ఇది కొద్దిగా కారాలి. ఇరుసు తిరుగుతున్నప్పుడు నిమిషానికి కొన్ని చుక్కలు పడితేనే తాడు చల్లగా ఉంటుంది. అస్సలు కారకుండా బిగించేస్తే వేడెక్కి ఇరుసునే గాడి పెట్టేస్తుంది. ఇంజను ఆపాక మాత్రం చుక్కలు ఆగాలి, లేదా దాదాపు ఆగాలి. పాత పడవ కొనేవాళ్లు ఇంజను నడుస్తుండగా ఒకసారి, ఆపాక గంటకు ఇంకోసారి గ్లాండు దగ్గర గిన్నె పెట్టి చూస్తే అమ్మే ఆయన నోటి మాట కంటే ఎక్కువ తెలుస్తుంది.

పెనుమూడి దగ్గరి నీళ్లకు వాటి సొంత స్వభావం ఉంది. ప్రకాశం బ్యారేజీ దిగువన, సముద్రానికి చేరువలో ఉన్న ఈ మేరలో పోటు వస్తే ఉప్పు ఎగబాకుతుంది, వరద వస్తే బురద దిగుతుంది. పై నుంచి కొట్టుకొచ్చే గుర్రపు డెక్క తీగలు, ప్లాస్టిక్ సంచులు నీరు పీల్చే కన్నం ముందు చేరి మూసేస్తాయి. ఇంజను నీళ్ల పంపులో తిరిగేది రబ్బరు రెక్కల చక్రం. నీరు అందకపోతే కొద్ది నిమిషాల్లోనే రెక్కలు మాడి ముక్కలవుతాయి. ఆ ముక్కలు చల్లబరిచే గొట్టాల్లోకి పోయి ఇరుక్కుంటాయి. అందుకే పీల్చే వాల్వు తర్వాత గాజు గిన్నెలాంటి జల్లెడ పెట్టించుకోవడం నదీముఖంలో తిరిగే పడవకు విలాసం కాదు. మూత విప్పకుండానే లోపల ఏం చేరిందో కనిపిస్తుంది. కొన్ని పడవల్లో బయటి నీళ్లు పీల్చే కన్నమే ఉండదు. ఇంజను నీటిని అడుగున బయట అమర్చిన పైపుల గుండా తిప్పి చల్లబరుస్తారు. బురద నీళ్లకు ఈ పద్ధతి నయం. అయితే ఆ పైపు మొదలు, చివర రెండూ పడవ అడుగును దాటుతాయి కాబట్టి కన్నాల లెక్కలో రెండు కలపాలి.

ఈ పనంతటికీ మన తీరంలో ప్రభుత్వమే ముహూర్తం పెట్టింది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు తూర్పు తీరంలో మరపడవల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఆపిన ఆ రెండు నెలల్లో నిజాంపట్నంలాంటి రేవుల్లో పడవలు ఒడ్డెక్కుతాయి, అడుగు గీకుతారు, రంగు వేస్తారు. పాత పడవ కొనాలనుకునేవాళ్లకు బేరం ఆడటానికి ఇదే సరైన వేళ. నీళ్లలో తేలుతున్న పడవకు అడుగు కనబడదు. ఒడ్డున ఉన్నప్పుడు ప్రతి వాల్వునూ విప్పి చేతిలోకి తీసుకుని చూడొచ్చు. విప్పనివ్వని అమ్మకందారు ధరలో ఎంత తగ్గించినా ఆ తగ్గింపు సరిపోదు. వేట ఆగిన రోజుల్లో మెకానిక్కులకు గిరాకీ ఎక్కువ, తెనాలిలో కంచు వాల్వు దొరకక కాకినాడకో విశాఖకో మనిషిని పంపాల్సి రావొచ్చు. కాబట్టి మే నెల చివర్లో మేలుకుంటే ఆలస్యమే.

మార్చేటప్పుడు క్రమం ముఖ్యం. పాత మెడ తీశాక ముందు పలకను చూడాలి. చెక్కయితే కన్నం అంచును గోటితో నొక్కి చూడాలి, మెత్తగా ఉంటే ఆ ముక్క కోసి కొత్తది వేయాల్సిందే. ఫైబర్ పూత వేసిన చెక్కయితే ఇంకా శ్రద్ధ కావాలి. పైపూత గట్టిగానే ఉండి, కన్నం అంచు నుంచి లోపలికి నీరు పాకి చెక్కంతా తడిసి ఉండొచ్చు. అది ఆరేదాకా ఆగి, అంచును రెసిన్‌తో మూసి, లోపల ఒక మందపాటి చెక్క దిమ్మ పెట్టి, దాని మీద వాల్వును బిగించాలి. గోడ సన్నగా ఉండి దిమ్మ లేకపోతే వాల్వు పిడి మీద ఎవరైనా కాలు వేసినప్పుడు ఆ బరువంతా మెడ మీద పడుతుంది. పడవలో ఏదో ఒక రోజు ఎవరో ఒకరు కాలు వేయకుండా ఉండరు.

వాడని కన్నాలను ఏం చేయాలన్నది తరచూ వచ్చే ప్రశ్న. మూత బిగించి వదిలేయడం సులువు. పూర్తిగా పూడ్చేయడం మేలు. ఫైబర్ పడవలో అంచులను పలచగా చెక్కి పొరలు పొరలుగా గ్లాసు గుడ్డ, రెసిన్ వేసి నింపితే ఆ చోటు మిగతా గోడంత బలంగా తయారవుతుంది. వాడనప్పుడు చెడినా తెలియదు కాబట్టి వాడని వాల్వే వాడే వాల్వు కంటే ప్రమాదకరం. వాడేవాటిని కూడా నెలకోసారి మూసి తెరుస్తూ ఉండకపోతే ఉప్పు పేరుకుని బిగిసిపోతాయి, అవసరపడ్డ రోజున పిడి విరిగి చేతిలోకి వస్తుంది.

తుపాను కాలం వేరే పరీక్ష పెడుతుంది. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అలాంటి హెచ్చరికలు వచ్చినప్పుడు పడవలు రోజుల తరబడి రేవుల్లో, కాలువల్లో కట్టి ఉంటాయి, మనుషులు ఇళ్లకు వెళ్లిపోతారు. వాన డెక్కు మీద నుంచి లోపలికి కారుతుంది, ఆటోమేటిక్ స్విచ్చు పంపును నడుపుతూ ఉంటుంది. రెండున్నర ఆంపియర్ల పంపు ఆగకుండా నడిస్తే 100 ఆంపియర్-అవర్ కొత్త బ్యాటరీ కూడా రెండు రోజులు నిలవదు. కరెంటు లేక ఊరంతా చీకటైతే చార్జింగు ఉండదు. బ్యాటరీ పడుకున్న తర్వాత వాల్వు దగ్గర కారే చుక్కలను ఎత్తిపోసేవారే ఉండరు. కట్టేసి వెళ్లేముందు ఇంజను పీల్చే వాల్వుతో సహా మూయగలిగినవన్నీ మూసేయడం రెండు నిమిషాల పని. ఇంజను తాళంచెవిని ఆ వాల్వు పిడికే తగిలించి వెళ్తే, తిరిగొచ్చి వాల్వు తెరవకుండా ఇంజను స్టార్టు చేసి పంపు రెక్కలు మాడ్చుకునే ప్రమాదమూ తప్పుతుంది.

జూన్ రెండో వారంలో పడవ మళ్లీ నీళ్లలోకి దిగుతుంది. దింపే పట్టాల మీదనో, క్రేను బెల్టుల్లోనో ఇంకా ఉండగానే, పడవ సగం తేలినప్పుడు ఒకరు టార్చితో లోపలికి దిగి అంకెల కాగితం ప్రకారం ఒక్కో మెడ చుట్టూ పొడి గుడ్డతో తుడిచి చూడాలి. చెక్క పలకలు రెండు నెలల ఎండకు ఎండి కుంచించుకుపోయి ఉంటాయి కాబట్టి సందుల్లోంచి మొదటి రోజు కొంత నీరు ఊరడం మామూలే. పలకలు తడిసి ఉబ్బాక అది తగ్గుతుంది. వాల్వు మెడ దగ్గర ఊరే నీరు మాత్రం ఉబ్బి ఆగేది కాదు. అక్కడ గుడ్డ తడిస్తే ఆ సాయంత్రమే పడవను మళ్లీ పైకి లాగి, నట్టు విప్పి, సీలు వేసి, మర్నాడు దింపుతారు. క్రేను అద్దె రెండోసారి పడుతుంది. దింపిన మొదటి రాత్రి పడవలో ఒక మనిషిని పడుకోబెట్టడం చాలామంది పాటించే ఆనవాయితీ. అతను రెండు మూడు గంటలకోసారి లేచి కొలబద్దతో అడుగు నీటి మట్టం చూసి గోడ మీద సుద్దతో గీత పెడతాడు. గీతలు పైకి పోతుంటే యజమానికి ఫోను చేస్తాడు.